పాత చరిత్ర - కొత్త ఆటగాడు

పెద్దపిల్లల ఆటలో చేరిన పసివాడిని మన పల్లెల్లో 'ఆటలో అరటిపండు' అంటారు. వాడు ఓడినా లెక్క లేదు, గెలిచినా లెక్క లేదు. ఆట నేర్చుకునే వానికి మన పెద్దలు కల్పించిన వెసులుబాటు అది. చరిత్రను వస్తువుగా గైకొన్న వ్యూహక్రీడలను నేడు మన విద్యార్థులు పలువురు కంప్యూటరుపై ఆడుతున్నారు. ఇంకా ఆడనివారు ఏ ఆటతో ఆరంభించాలని మమ్ము అడుగుతున్నారు. తెలుగు బోధించే మాకు ఈ వీడియో గేముల గొడవ ఎందుకని కళాశాల కమిటీ పెద్దలు తలపోయవచ్చు. మాకు సంబంధం ఉన్నదనే మా మనవి.

గత సంక్రాంతి సెలవులలో మొగల్తూరులోని మా ఇంటికి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. కంప్యూటర్లు జోడించుకొని 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ భాగం ఆడసాగారు. ఒకడు గుర్జరులను, మరొకడు హిందుస్థానీలను ఎన్నుకున్నాడు. అరగంట గడిచేసరికి ఎరుపు నీలం సేనలు కాస్తా 'మావాళ్ళు, మీవాళ్ళు' అయ్యాయి. పృథ్వీరాజు పేరు ఒకరి నోట, బాబరు పేరు ఒకరి నోట వచ్చాయి. ఏడేళ్ళుగా ఒకే బెంచీపై కూర్చున్న స్నేహితులు ముఖాలు తిప్పుకున్నారు. మేము మందలించగా "ఇది ఆటే కదా, మాస్టారూ!" అన్నారు. ఆటే. కాని పృథ్వీరాజు 1192లో మరణించాడు; బాబరు పానిపట్టులో గెలిచింది 1526లో. నడుమ 334 సంవత్సరాలు గడిచాయి. పైగా పానిపట్టులో బాబరు ఓడించినది సుల్తాను ఇబ్రహీం లోడీని. ఈ చిన్న సంగతి తెలిసి ఉంటే ఆ సాయంత్రం టీ చల్లారిపోయేది కాదు.

కనుక ఏ ఆట ఎన్నుకోవాలన్నది వినోదానికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. కొత్తవాడు మూడు సంగతులు విచారించాలని మా అభిప్రాయం: ఆట అడిగే కాలం ఎంత? అది మెట్టుమెట్టుగా నేర్పుతుందా? ఆడి లేచిన పిదప మనలను ఏ పుస్తకం వద్దకు పంపుతుంది?

వ్యూహక్రీడ మనకు కొత్త కాదు. అరుగులపై గీసిన పులి-మేక ఆటలో పులి బలం వేరు, మేకల బలం వేరు. రెండింటికీ గెలిచే దారి ఉన్నది. మన చతురంగమే పారశీకానికి వెళ్ళి, అరబ్బుల చేతిలో షత్రంజ్‌గా ఎదిగి, ఐరోపాకు చేరింది. ఈనాటి కంప్యూటరు ఆటలలోనూ రెండు తెగలు కనిపిస్తాయి: చదరంగం వలె ఎత్తుకు ఎత్తు వంతులవారీగా సాగేవి, గడియారంతో పాటు ఆగక పరుగెత్తేవి.

మొదటి తెగలో ప్రసిద్ధమైనది 1991లో సిడ్ మైయర్ ఆరంభించిన 'సివిలైజేషన్'. తొందర పడనివారికి ఇది అనువైనది; ఎత్తు వేసి, ఆలోచించి, మళ్ళీ వేయవచ్చు. చిక్కు ఒక్కటే: అందులో కాలాలు కలగాపులగం. గాంధీజీ అణ్వస్త్రాలతో బెదిరించడం కూడా సంభవమే! దానికి తొలి ఆటలోని ఒక లెక్కల పొరపాటే మూలమన్న కథ ఎంతగానో ప్రచారమైనది. అది నిజం కాదని మైయరే 2020లో వెలువడిన తన స్వీయచరిత్రలో తేల్చాడు. ఆటను గురించిన చరిత్రే ఇంత సులభంగా వక్రమైతే, ఆటలోని చరిత్ర మాట వేరే చెప్పాలా?

రెండవ తెగలో 1999 నాటి 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ భాగం ముఖ్యమైనది. దాని నూతన ప్రతి 2019లో వచ్చింది. తిండి, కలప, బంగారం, రాయి అనే నాలుగు వనరులు. చీకటియుగం మొదలు నాలుగు యుగాలు. విలియం వాలెస్ కథ ద్వారా ఓనమాలు దిద్దించే పాఠం అందులోనే ఉన్నది. 2022లో వచ్చిన భారత రాజవంశాల అనుబంధానికి వేరే వెల చెల్లించాలి. దానితో ద్రావిడులు, వంగీయులు, గుర్జరులు ప్రవేశించారు. ద్రావిడులకు చేపల వేటలో అదనపు లాభం ఇచ్చారు. పేరుపాలెం తీరం ఎరిగిన మనకు అది ముచ్చటే. కొత్తవాడు దీనితోనే ఆరంభించాలని మా సలహా. మూల ఆట చాలును, అనుబంధాలు తరువాత.

'యూరోపా యూనివర్సాలిస్' నాలుగవ భాగం 1444 నుండి 1821 దాకా సాగుతుంది. 'క్రూసేడర్ కింగ్స్' రాజవంశాల పెళ్ళిళ్ళతో, వారసత్వాలతో నడుస్తుంది. సీనియర్లు మెచ్చుకొన్నారని వీటిలో ముందుగా దూకినవారు మూడవ రోజుకే విసిగిపోవడం మేము చూచాము. కాలువలో ఈత నేర్చినవాడే గోదావరిలో దిగాలి. అయితే చివరకు చేరవలసినది అక్కడికే అని కూడా మా నమ్మకం. కారణం చెబుతాము.

'క్రూసేడర్ కింగ్స్' మూడవ భాగంలో ఒక ఆరంభం 1066వ సంవత్సరం. రాజమహేంద్రవరం నుండి పాలించిన రాజరాజనరేంద్రుని కుమారుడు 1070లో తల్లివైపు బంధుత్వంతో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడైనాడు. ఇతడు చాళుక్యుడా, చోళుడా? రంగులు పూసిన సేనలలో ఈ ప్రశ్నకు చోటు లేదు, వంశవృక్షంలో ఉన్నది. ఇబ్రహీం కుతుబ్‌షా యువకుడుగా సుమారు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. 1565లో ఆ రామరాయలపైనే కత్తి దూశాడు. ఆయనకే అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు. మన గోదావరి ప్రాంతానికే వస్తే, 1758 డిసెంబరులో పిఠాపురం చేరువనున్న చందుర్తి వద్ద ఆంగ్లేయుల పక్షాన విజయనగర సంస్థానాధిపతి ఆనంద గజపతి నిలిచి ఫ్రెంచివారిని ఓడించాడు. ఫ్రెంచివారి మిత్రుడైన సలాబత్‌జంగ్ మరుసటి ఏడే ఆంగ్లేయులతో సంధి చేసుకున్నాడు. వీరిలో ఎవరు 'మావారు', ఎవరు 'మీవారు'? మిత్రుడు శత్రువగుటను, శత్రువు చుట్టమగుటను చూపే ఆటయే చరిత్రకు దగ్గర.

ఆటలు కాలహరణమని వాదించేవారు కలరు. ఆ వాదం తోసివేయదగినది కాదు. 1856లో అవధ్ రాజ్యం కుంఫిణీవారి పరమవుతుండగా షత్రంజ్ వీడని ఇద్దరు జమీందారుల కథను ప్రేమ్‌చంద్ వ్రాశాడు. సత్యజిత్ రాయ్ దానిని 1977లో చలనచిత్రంగా తీశాడు. పరీక్షల ముందు రాత్రులు జాగారం చేసే మన హాస్టలు విద్యార్థులకు ఆ కథ అన్వయించదని మేము అనజాలము. అయితే వద్దన్నంత మాత్రాన ఆట ఆగదు. తలుపు మూసుకొని, దొంగప్రతులతో, పెద్దల తోడు లేక సాగుతుంది. మా ఇంట జరిగిన తగవు మేము చూచాము కనుక విప్పగలిగాము. చూడనివి ఎన్నో!

కనుక కమిటీవారికి మా విన్నపం: వారానికి ఒక్క గంట, కంప్యూటరు గదిలో, వెల చెల్లించి కొన్న ఒక్క ఆట. ఆడదలచిన ప్రతి విద్యార్థీ తాను ఎన్నుకొన్న రాజును గురించి గ్రంథాలయంలో చదివి, ఉర్దూలోనో తెలుగులోనో ఒక పుట వ్రాసి తీసుకురావాలి. పుట లేనివానికి ఆట లేదు.

విద్యార్థిమిత్రులారా! ఆటలో మీరు కొన్నాళ్ళు అరటిపండ్లే. ఓడండి, నేర్చుకోండి, నవ్వుకోండి. ఒకసారి బాబరు పక్షం ఆడినవాడు మరుసటి వారం పృథ్వీరాజు పక్షం ఆడాలి. కంప్యూటరు ఆపిన తరువాత మాత్రం మీరిద్దరూ ఒకే పక్షం. మా ఇంట చల్లారిన ఆ టీ మళ్ళీ కాచి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాము.