పాలు మాన్పించకండి, పరీక్ష అడగండి

తిరుత్తణి చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో కాన్పు అంటే చాలాసార్లు రెండు రాష్ట్రాల ప్రయాణం. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది గాని, పెళ్ళి సంబంధాలు సరిహద్దు దాటడం మానలేదు. మెట్టినిల్లు తిరువళ్ళూరు వైపు, పుట్టినిల్లు నగరి వైపు. నెలలు నిండేదాకా తమిళంలో రాసిన ఫైలు, కాన్పు ఆంధ్రలో. మధ్యలో ఏ కాగితం ఎక్కడ పోతుందో ఎవరికీ పట్టదు.

అలాంటి ఇంట్లో ఒక బాలింతను మేము చూశాము. రక్తపరీక్షలో హెపటైటిస్ సి అని తేలింది. అత్తగారు కంచం వేరు చేసింది, బిడ్డకు పాలు మాన్పించింది. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర గిన్నె ఆమె దాకా రాలేదు. ఈ చివరి సంగతికి సిగ్గుపడవలసినవారం పాస్టర్లమైన మేమే. ఈ వైరస్ రక్తం ద్వారా సోకుతుంది. గిన్నెతో, కంచంతో, బిడ్డను ముద్దాడితే సోకదు. తల్లిపాలతోనూ సోకదు. చనుమొన పగిలి రక్తం వస్తుంటే మాత్రం అది మానేదాకా ఆ వైపు పాలు పిండి పారబోయాలి, అంతే.

అత్తగారి అనుమానం ముందు కోడలి నడవడి మీదికే పోయింది. ఒకరికి వాడిన సూది మరొకరికి గుచ్చే ఇంజెక్షన్లు, పరీక్షించకుండా ఎక్కించిన రక్తం, పచ్చబొట్టు సూది, ఇవన్నీ ఈ జబ్బుకు దారులే. ఒంట్లో నీరసమని కోడలిని పల్లె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయించింది ఆ అత్తగారే కావచ్చు. చాలామందికి కళ్ళు పచ్చబడవు గనుక, కామెర్లకు పసరు పోయించే ఇంట్లో కూడా ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు.

బిడ్డకు ప్రమాదం లేకపోలేదు. రక్తంలో వైరస్ ఉన్న తల్లులు వందమంది అయితే సుమారు ఆరుగురి బిడ్డలకు కడుపులోనో కాన్పులోనో సోకుతుంది. తల్లికి హెచ్ఐవి కూడా ఉంటే దాదాపు రెట్టింపు. సిజేరియన్ చేసినంత మాత్రాన ఇది తగ్గదు. నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువు పిల్లలు ఈ తల్లుల్లో ఎక్కువ. సోకిన బిడ్డ పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, పరీక్ష సంగతి ఇంట్లో మరిచిపోతారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఏడాదిన్నర దాకా ఉండగలవు గనుక, యాంటీబాడీ పరీక్ష 18 నెలలు నిండాకే చేయించాలి. కొందరు పిల్లలకు దానంతటదే పోతుంది, మిగిలినవారికి మూడేళ్ళు దాటాక మందులున్నాయి.

తల్లికైతే సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. గర్భంలో మామూలుగా ఇవ్వరు. ఆ ముందో తర్వాతో వాడాలి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. అయినా గర్భిణులందరికీ తప్పక చేసే పరీక్షల్లో హెచ్ఐవి, సిఫిలిస్, హెపటైటిస్ బి ఉన్నాయి గాని సి లేదు. ప్రమాదం ఉందని తోస్తేనే చేస్తారు. సూది గుచ్చించుకోని కూలి మనిషి ఎవరు? అమెరికా 2020లోనే ప్రతి గర్భానికీ ఈ పరీక్ష చేయమంది. తిరువళ్ళూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ అది అందరికీ జరగాలని మేము అడుగుతున్నాము.

అంతవరకు, నగరి బస్సెక్కే గర్భిణి చేతిలో ఫైలు ఉందా, అందులో ఈ పరీక్ష కాగితం ఉందా అని చూసే పని మా స్త్రీల సమాజం ఒప్పుకుంది.