హగ్ ఇవ్వడానికి ముందు కొట్టుకోవాలా?

వనపర్తిలో నా బ్యాచ్ వాళ్లంతా డబ్ల్యూడబ్ల్యూఈ చూసి పరుపుల మీద దూకినోళ్లమే. 2023 సెప్టెంబర్ 8న జాన్ సీనా, ఒకప్పటి శత్రువు సెత్ రాలిన్స్‌తో జట్టు కట్టి గచ్చిబౌలిలో ఫైట్ చేస్తే, ఫోన్లలో క్లిప్స్ చూస్తూ అరిచాం.

చిన్నప్పుడు కండలే కనిపించేవి. ఇప్పుడు చూస్తే అసలు కథంతా మగాళ్ల స్నేహం గురించే. 2008 రెసిల్‌మేనియాలో షాన్ మైకేల్స్, తను ఆరాధించే రిక్ ఫ్లెయిర్‌కి చివరి కిక్ కొట్టే ముందు కన్నీళ్లతో సారీ, లవ్ యూ అన్నాడు. 2023 మార్చిలో శామీ జేన్, కెవిన్ ఓవెన్స్ ఎన్నో గొడవల తర్వాత కౌగిలించుకుంటే జనం ఊగిపోయారు.

స్క్రిప్ట్ అని తెలుసు. అయినా ఎవరూ వెక్కిరించరు. ఎందుకంటే వాళ్లు ముందే కొట్టుకుని మగతనం నిరూపించుకున్నారు. ఆ తర్వాతే ఏడ్చే పర్మిషన్!

మనకూ అంతే. దసరాకి జమ్మి ఆకు పెట్టి అలయ్ బలయ్ తీసుకుంటాం. మర్నాడు భుజం మీద చెయ్యేస్తే "ఏంరా, ఏం నడుస్తుంది?" అని నవ్వులు. మా తాత మాత్రం దోస్తు చెయ్యి పట్టుకునే సంతకు పోయేవాడు. ఎవరూ నవ్వలేదు.

పోయిన సెమ్‌లో మా రూమ్మేట్‌కి రెండు బ్యాక్‌లాగ్స్. రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నాడు. నేను "లైట్ తీస్కో మామా" అని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా. లేచి పక్కన కూర్చుంటే సరిపోయేది. సిగ్గేసింది.

వాడు ఈ మ్యాగజైన్ చదువుతాడు. సారీ రా.