ఉద్యోగం రాలేదని గ్రూపు వదిలేయకండి

ఫేర్‌వెల్ అయిన ఆర్నెల్లకే క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఆఫర్ లెటర్లు పెట్టేవాళ్ల సందడే మిగులుతుంది. ఉద్యోగం రానివాళ్లు నోరు మెదపరు, కొందరైతే ఎగ్జిట్ అయిపోతారు. నిజానికి గ్రూపు అవసరం వాళ్లకే ఎక్కువ.

ఉద్యోగాల కబురు ఆప్తమిత్రుల కంటే ముఖపరిచయస్తుల నుంచే ఎక్కువగా అందుతుందని అమెరికన్ సోషియాలజిస్ట్ మార్క్ గ్రానొవెటర్ 1973లోనే రాశాడు. కారణం సింపుల్. మీ రూమ్మేట్‌కు తెలిసింది మీకూ తెలుసు. లాస్ట్ బెంచ్‌లో కూర్చుని, ఇప్పుడు పుణెలో పనిచేస్తున్న క్లాస్‌మేట్‌కు తెలిసింది మీకు తెలియదు.

అందుకే 'ఇంకా వెతుకుతున్నా, టెస్టింగ్‌లో ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి' అని ధైర్యంగా రాయండి. అలాగని రిఫరల్ కావాల్సినప్పుడే 'హాయ్ రా' అంటే ఎవరికైనా చిరాకే. వాళ్లింట్లో పెళ్లయినా, నాన్నకు బాగోలేకపోయినా ఓ ఫోన్ చేయండి.

ఉద్యోగం వచ్చినవాళ్లూ, మౌనంగా ఉన్న ఫ్రెండ్‌ను విడిగా పలకరించండి. ముందు మాట మీదే కావాలి.