మోగిందల్లా నిధి కాదు



నల్లగొండ జిల్లా వేములపల్లి నుంచి ఒక అబ్బాయి ఉత్తరం రాశాడు. "మా వైపు పాతదిబ్బల కింద లంకెబిందెలు ఉంటాయని పెద్దవాళ్ళు చెబుతారు. కొత్తరకం మెటల్ డిటెక్టరుతో అవి దొరుకుతాయా? దాన్ని వాడటం ఎల్లా నేర్చుకోవాలి?" అని అడిగాడు.

ముందు యంత్రం సంగతి చూద్దాం. పొడుగాటి కర్ర చివర పళ్ళెంలాంటి చట్రం, అందులో రాగితీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో విద్యుత్తు సెకనుకు కొన్నివేల సార్లు దిశ మారుస్తూ ప్రవహిస్తుంది. దానివల్ల పుట్టిన అయస్కాంతక్షేత్రం నేలలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న చిన్న విద్యుత్తు సుళ్ళు లేస్తాయి. ఆ సుళ్ళు తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. దాన్ని రెండో చుట్ట పసికడుతుంది. వెంటనే యంత్రం కూస్తుంది.

మంచి యంత్రాలు, లోహం ఎంత ఆలస్యంగా బదులిచ్చిందో కూడా కొలుస్తాయి. ఇనపమేకు ఒక తీరున, రాగి, వెండి మరొక తీరున బదులిస్తాయి. ఆ తేడాను యంత్రం అంకెగా చూపుతుంది. అయినా అంకెను పూర్తిగా నమ్మరాదు. పలచని బంగారు ఉంగరం, అల్యూమినియం రేకుముక్క దాదాపు ఒకే అంకె చూపవచ్చు!

కనక అభ్యాసం ఇంటి పెరట్లోనే, పెద్దల ఎదుట మొదలుపెట్టాలి. ఒక మేకు, ఒక పాత రాగినాణెం, ఒక ఇత్తడి గంటె, ఒక రేకుమూత బారెడేసి ఎడంగా, నాలుగు వేళ్ళ లోతున పాతండి. ఏది ఎక్కడ పాతారో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఎర్రనేలలో ఇనుము పాలు ఉంటుంది, అది కూడా యంత్రాన్ని మోగిస్తుంది. అందుకని చట్రాన్ని పైకెత్తి దించుతూ, ఆ మోత పోయేదాకా మర సరిచేయాలి. తరవాత చట్రాన్ని నేలకు దగ్గరగా, అంచులు పైకి లేవకుండా, మెల్లగా అటూ ఇటూ తిప్పండి. ఒక్కొక్క వస్తువు కూతకూ చెవిని అలవాటు చేసుకోండి. చిన్న నాణెం అడుగు లోతుకు మించి ఉంటే మామూలు యంత్రానికి దొరకడం కష్టం.

ఎంత గొప్పవాడికైనా యీ యంత్రంతో చిక్కులు తప్పలేదు. 1881లో ఒక హంతకుడు అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును కాల్చాడు. ఆయన ఒంట్లో ఉండిపోయిన సీసపు గుండును వెతకడానికి, టెలిఫోను కనిపెట్టిన గ్రహంబెల్ ఇల్లాంటి యంత్రమే తెచ్చాడు. గుండు దొరకలేదు. పరుపులో ఉక్కుతీగలు ఉండటం అందుకు ఒక కారణం.

సీసమంటే మన దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. వేములపల్లికి ఉత్తరాన, సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి అనే బౌద్ధక్షేత్రం ఉన్నది. 2024 మార్చిలో తెలంగాణ వారసత్వ శాఖవారు అక్కడ తవ్వుతూండగా, రెండడుగుల లోతున ఒక మట్టికుండ కనిపించింది. అందులో 3,730 సీసపు నాణేలు! ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయినీ గుర్తు. అవి ఇక్ష్వాకుల కాలానివి, అంటే సుమారు 1,700 ఏళ్ళ నాటివి. నాణెం సగటు బరువు 2.3 గ్రాములు. అన్నీ కలిపితే ఎనిమిదిన్నర కిలోలు దాటుతుంది.

ఆ సీసాన్ని తూకానికి అమ్మితే ఏపాటి వస్తుంది? అయితే కుండ మూతికి మరొక మట్టిపాత్ర కప్పి ఉన్నది. లోపల పగిలిన గిన్నె అడుగు మూతగా పెట్టి ఉన్నది. ఎవరో జాగ్రత్తగా దాచుకున్నారన్న మాట! ఆ తవ్వకంలోనే గాజుపూసలూ, బొమ్మబండి చక్రాలూ కూడా బయటపడ్డాయి. మీవంటి పిల్లలెవరో ఆ బండితో ఆడుకుని ఉంటారు. యంత్రం మోగగానే ఎవరైనా గునపంతో పొడిచి ఉంటే సీసం మాత్రం మిగిలేది. గాజుపూసలు యంత్రానికి మోగవు, మట్టిమూత మోగదు. మోగనివాటిని గునపం చూసుకోదు. వాటితోపాటే ఆ కథ అంతా పోయేది.

అందుకే పాతదిబ్బల మీదా, గుళ్ళ దగ్గరా మనం తవ్వరాదు. 1878 నాటి చట్టం ప్రకారం, పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాసి తెలపాలి. దాచిపెడితే జైలుశిక్ష కూడా పడవచ్చు.

మరి యంత్రం నేర్చుకుని ఏం లాభం అంటావా, అబ్బాయీ? మీ ఊళ్ళో వరినాట్ల వేళ ఎవరి చెవిదిద్దో బురదలో జారిపోతుంది. ఆవిడ ఏడుస్తూ గట్టున కూచుంటుంది. అప్పుడు నీ యంత్రం తీసుకుని మడిలోకి దిగు. ఆ నిధికి సొంతదారు ఎదురుగానే ఉన్నది!