కాగితముతో వివాహము తెగునా?



ఆలుమగలకు పొసగనపుడు మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో మొదట కూడునది పెద్దమనుష్యుల పంచాయితీ. వారు చెప్పవలసినది చెప్పి చూచి, తుదకు ఇరువురును ఇష్టపూర్వకముగ విడిపోయిరని స్టాంపుకాగితముపై వ్రాయించి సంతకములు పెట్టింతురు. అంతటితో వివాహము రద్దయినదని పెక్కుమంది స్త్రీలు తలంచుచున్నారు. అది పొరపాటు.

1955 నాటి హిందూ వివాహచట్టము ప్రకారము వివాహమును త్రెంచునది న్యాయస్థానపు తీర్పు. కులాచారపు విడాకులను చట్టము గుర్తించుచున్నను, అట్టి యాచారము చిరకాలముగ నున్నదని రుజువు చేయవలసియుండును.

హైదరాబాదునందు జరిగిన యొక వ్యాజ్యమును వినుడు. ఒక స్త్రీ 2005 నవంబరులో మొదటి భర్తతో ఒప్పందపత్రము వ్రాసికొని విడిపోయి, మఱియొకని వివాహమాడెను. కుమార్తె కలిగెను. పిమ్మట వారికిని పొసగలేదు. 2012లో కుటుంబ న్యాయస్థానము నెలకు ఆమెకు 3,500 రూపాయలును, బిడ్డకు 5,000 రూపాయలును మనోవర్తి నిర్ణయించెను. కాని మొదటి వివాహము చట్టరీత్యా రద్దు కానందున ఆమె భార్య కాజాలదని 2017లో హైకోర్టు ఆమె మనోవర్తిని కొట్టివేసెను. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు దానిని మరల నిలిపెను. తుదకు న్యాయము దక్కినది. కాని ఆ నడుమ గడచిన యేండ్ల నెవరు తిరిగి యీయగలరు?

ఇంకొక చిక్కు గలదు. పరస్పర సమ్మతితో వేఱుగ నివసించు భార్యకు మనోవర్తి లేదని చట్టమే చెప్పుచున్నది. తొందరపడి చేసిన సంతకము రేపు ఎదుటిపక్షమునకు సాక్ష్యమగును.

మఱి చేయవలసిన దేమి? ఇరువురును సమ్మతించినచో, ఏడాది వేఱుగనున్న పిమ్మట కలసి న్యాయస్థానమున విడాకులకు అర్జీ పెట్టుకొనవచ్చును. తన్ను తాను పోషించుకొనలేని భార్య, 2024 జులై 1 నుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను క్రింద మనోవర్తి కోరవచ్చును. మిర్యాలగూడ అత్తవారింటినుండి కోదాడ పుట్టినింటికి వచ్చినయామె తానున్న తావునకు చెందిన న్యాయస్థానముననే అడుగవచ్చును. భర్త ఊరికి తిరుగ నక్కఱలేదు. వ్యాజ్యము తేలులోపల మధ్యంతర మనోవర్తియు కోరవచ్చును.

వకీలునకు రుసుము లేదని వెనుదీయకుడు. 1987 నాటి చట్టము ప్రకారము, ఆదాయమెంతయైనను, స్త్రీకి ఉచిత న్యాయసహాయము లభించును. 15100 నంబరునకు ఫోను చేసి యడుగవచ్చును.

పెద్దల మాట మన్నింపదగినదే. కాని కాగితము ముందుకు వచ్చినపుడు, న్యాయవాదికి చూపినగాని సంతకము చేయనని మర్యాదగ చెప్పుడు. ఆ యొక్క మాట మీకును, మీ బిడ్డలకును పెట్టనికోట.