కొండలెక్కే ఆడపిల్లలు

అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైనే ఉంటుంది. సంత రోజున చుట్టుపక్కల గూడేల నుంచి గిరిజన స్త్రీలు అడ్డాకుల మోపులు, పసుపు మూటలు తలకెత్తుకుని కొండలు దిగివస్తారు. పొద్దువాలే వేళకు ఉప్పు, నూనె కొనుక్కుని మళ్లీ ఎక్కుతారు. రోడ్డు లేని గూడేల నుంచి నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకురావడం ఇప్పటికీ వింటూనే ఉన్నాం. ఆ స్త్రీలను పర్వతారోహకులని ఎవరూ అనరు. విహారానికి వెళ్లిన మనం ఫొటో తీసుకుని వచ్చేస్తాం.

మరో గిరిజన బాలిక పేరు మాత్రం లోకమంతా విన్నది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఎవరెస్టు ఎక్కింది. అంత చిన్న వయసులో ఆ శిఖరం చేరిన ఆడపిల్ల అంతకుముందు లేదు. 16 ఏళ్లు నిండనివారిని నేపాల్ అనుమతించదు గనుక టిబెట్ వైపు నుంచి ఎక్కింది. 2022 నాటికి ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలనూ పూర్తి చేసింది. కాళ్ల బలం అరకు స్త్రీలకూ ఉంది. పూర్ణకు అదనంగా దొరికింది తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకులం. అక్కడివారు ఆమెను భువనగిరి గుట్టకు తీసుకెళ్లి తాడు పట్టడం నేర్పించారు. తర్వాత డార్జిలింగ్, లడఖ్ పంపారు. మన్యం ఆడపిల్లలకూ అలాంటి శిక్షణ అందాలి.

మరి మన ఇళ్లలో? ఎనిమిదో తరగతి రాగానే బేటీ చదువు చాలించే తండ్రులు ఇంకా ఉన్నారు. అడిగితే దీన్ పేరు చెబుతారు. సౌదీ అరేబియాకు చెందిన రహా మొహర్రక్ 2013 మే 18న, పాకిస్తాన్‌కు చెందిన సమీనా బేగ్ ఆ మర్నాడే ఎవరెస్టు ఎక్కారు. వారూ ముస్లిం తల్లిదండ్రుల బిడ్డలే కదా! ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తమతో పరుగు పందెం వేశారని, ఆ పందెం తామే గెలిచామని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు అబూ దావూద్ సంకలనంలో ఉంది. ఈ హదీసు చదివించే ఉస్తాదులు చాలామందే. ఆడపిల్లల బడికి ఆటస్థలం ఏదని అడిగినవారే తక్కువ. సఫా, మర్వా కొండల మధ్య హాజీలు చేసే సయీ కూడా ఒక తల్లి, హజ్రత్ హాజిరా (అలై), నీటి కోసం తీసిన పరుగే.

తండ్రుల భయాన్ని మేము తీసిపారేయం. హాస్టలుకు ప్రహరీ ఉందా, వార్డెన్ స్త్రీయేనా, నమాజుకు చోటుందా, నిలదీసి అడగండి. ఉన్నాయంటే పంపండి. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు ఆడపిల్లలకు విడిగా నడుస్తున్నాయి. దరఖాస్తుల గడువు తేదీని మసీదు కమిటీలు జుమా నమాజు తర్వాత ప్రకటించాలని మా మనవి.