గృహవినోదము: నీరు తోడుకొనువఱకు

పోయిన మాసమున కుట్టుపనిని గుఱించి వ్రాసి, ఈ మాసమున ఇంటిలోపల పెంచదగిన పూలమొక్కలను గుఱించి వ్రాసెదనని మాట యిచ్చియుంటిని. ఆ మాట కొంచెము తప్పుచున్నాను. మొక్కలను గుఱించియే వ్రాయుచున్నాను గాని, అవి కుండీలలోనివి కావు. నీటిలో మునిగి పెరుగునవి. గాజుతొట్టి అడుగున మన్నును ఇసుకను పఱచి, నీరు నింపి, మొక్కలు నాటి, వాని నడుమ చిన్నచేపలను తిరుగనిచ్చు ఈ వినోదమునే నేడు అందఱును అక్వేరియమని పిలుచుచున్నారు. చూచుటకు ఇంపైనది, చేయుటకు మిక్కిలి కష్టమైనదియు కాదు. అయినను మొదటిసారి పెట్టినవారిలో చేపలను పోగొట్టుకొననివారు అరుదు. పోగొట్టుకొన్నవారిలో నేనును ఒకతెను. కావున నా తప్పుతోనే మొదలుపెట్టెదను.

మా పెద్దవానికి ఉద్యోగము హార్స్లీ కొండమీద. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 1,265 మీటర్ల యెత్తున నున్న ఈ కొండకు ఏనుగు మల్లమ్మ కొండ యని పాతపేరు. కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర పేరు తరువాత వచ్చి చేరినది. క్రింద మదనపల్లెలో ఎండ మండుచున్నప్పుడును ఇచ్చట చల్లగా నుండును. ఇక మార్గశిరమున సంగతి చెప్పనక్కఱలేదు. రాత్రి పాలకు తోడు పెట్టిన తెల్లవాఱునప్పటికి పెరుగు కాదు. గిన్నెను కంబళిలో చుట్టి పొయ్యిచెంత నుంచినగాని పని జరుగదు. ఈ పెరుగుమాట గుర్తుంచుకొనుడు. మరల దీనితో పని పడును.

మొన్నటి చలికాలమున మా కోడలు పురిటికై తిరుపతిలోని పుట్టింటికి వెళ్లినది. తొమ్మిదేండ్ల మనుమరాలు బడి మానకూడదని నావద్దనే యుండెను. తల్లిని విడిచియుండుట దానికి అదే మొదలు. పిల్లకు ప్రొద్దుపుచ్చుటకని మావాడు పట్టణమునుండి ఒక గుండ్రని గాజుపాత్రను, 6 బంగారు చేపలను, మేతడబ్బాను తెచ్చియిచ్చెను. పిల్ల సంతోషమునకు మేర లేదు. ఆకలిగొన్నట్లు నోరు తెఱచుచున్నవి కదా యని నేనే మూడుపూటల మేత వేయుమంటిని. మూడవనాడు రెండు చేపలు చచ్చి తేలినవి. నీరు చెడినదనుకొని, ఉన్న నీరంతయు పాఱబోసి, పాత్రను సబ్బుపొడితో తళతళలాడునట్లు తోమి, క్రొత్తనీరు పోసితిని. ఇల్లాండ్రము కదా, శుభ్రము చేయుటయే మనకు తెలిసిన మందు. ఐదవనాటికి ఒక్కటియు మిగులలేదు.

పిల్ల ఏడ్వలేదు. అన్నము తినక కూర్చుండి, ప్రొద్దుపోయిన పిమ్మట, “అవ్వా, అమ్మ పాపను తెచ్చినాక నన్ను ముట్టుకోనీరా?” యని యడిగినది. నాకు నోట మాట రాలేదు. అక్కవు కాబోవుచున్నావు, చిన్నపాపను నీవే చూచుకొనవలెనని మేమందఱమును దానికి నెలలతరబడి చెప్పియుంటిమి. చేపలను తానే చంపితిననియు, తనచేతికి ఏ ప్రాణినైనను ఇచ్చుట తగదనియు ఆ పిల్ల మనస్సున నాటుకొన్నది. “మేత వేయుమన్నది నేను, నీళ్లు పాఱబోసినది నేను” అని యెంత చెప్పినను వినలేదు. ఎందువలన చచ్చినవో కనుగొని చూపవలసిన భారము నామీద పడినది.

చదివి, తెలిసినవారి నడిగి తెలిసికొన్న సంగతి యిది. చేప తన ఒంటిలోని మాలిన్యమును ఎక్కువగా మొప్పలగుండ నీటిలోనికి విడుచును. దానిలో ముఖ్యమైనది అమ్మోనియా. తినక మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. కంటికి నీరు తేటగానే కనబడును గాని, చేపకు అది విషము. చెరువులో ఈ విషము నిలువకపోవుటకు కారణము కంటికి కానరాని సూక్ష్మజీవులు. వానిలో ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ చెడ్డదే. అది చేరిన చేప నెత్తురు ప్రాణవాయువును మోయలేదు. మఱియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు మితముగా నున్నప్పుడు చేపకు అంత హాని చేయదు, మొక్కలకు మాత్రము ఎరువు. ఈ సూక్ష్మజీవులు ఇసుకను, రాళ్లను, ఆకులను, ఫిల్టరులోని స్పంజిని పట్టుకొని పెరుగును. క్రొత్తపాత్రలో అవి లేవు. వచ్చి చేరిన కొలదిపాటి వానినికూడ నేను సబ్బుతో కడిగి పాఱబోసితిని! పైగా మా వాడుకనీరు కాచిన గిన్నెకు తెల్లని పొర కట్టు చవుడునీరు. అట్టి క్షారపు నీటిలో అమ్మోనియా మఱింత తీక్ష్ణమగును.

“పాలు పోసినంతనే పెరుగగునా?” యని పిల్లను అడిగితిని. కాదన్నది. “తోడు వేసి, కదలింపక, వేచియుండవలెను. చలిలో ఇంకను ఎక్కువ వేచియుండవలెను. మనము తోడుకొనని నీటిలో చేపలను వేసితిమి, అదియే జరిగినది” అంటిని. అప్పుడు దాని ముఖము కొంచెము తేఱుకొన్నది. మరల పెట్టుదుమా యని నేను అడుగలేదు. నాలుగు దినములకు అదియే అడిగినది.

నీటిప్రాణులను గాజుపాత్రలో బ్రతికించుట లోకమునకు నేర్పినవారిలో స్త్రీలు ముందుండిరి. ఫ్రాన్సు దేశపు జాన్ విల్‌ప్రే పవర్ మొదట పెండ్లిదుస్తులు కుట్టి అల్లిన దర్జీపనిగత్తె. సిసిలీ ద్వీపమున కాపురముండి, గవ్వవంటి ఓడములో నివసించు ఆర్గొనాటు అను సముద్రజీవి ఆ ఓడమును తానే కట్టుకొనునా, పరులది దొంగిలించునా యను తగవు తీర్చుటకై 1832లో గాజుతొట్లు చేయించి, అందు వానిని పెంచి, తానే కట్టుకొనునని నిరూపించెను. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత సముద్రపు పగడపుజీవులను లండనులోని తన యింటికి తెచ్చి బ్రతికించెను. నీటికి గాలి తగులవలెనని పనిపిల్ల కిటికీచెంత నిలిచి ఒక పాత్రనుండి మఱియొక పాత్రకు నీరు ఎత్తి పోయుచుండెడిదట. మనము వేడిపాలు ఆర్చునట్లే! 1850లో రాబర్టు వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు బంగారు చేపలను, నీటిమొక్కను, నత్తలను ఒక్కచోట నుంచి, ఒకదానికొకటి తోడ్పడి యెట్లు నిలుచునో వివరించెను. మన దక్షిణదేశమున 1909లో మదరాసు మెరీనా తీరమున చేపల ప్రదర్శనశాలను తెఱచిరి.

ఇక మేము చేసిన విధము చెప్పెదను. గుండ్రని పాత్రను ఊరగాయలకు పంపితిని. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల తొట్టి తెప్పించితిమి. దానిలో సుమారు 50 లీటర్ల నీరు పట్టును; గాజు, ఇసుక, నీరు కలిసి ఒక మనుష్యుని బరువుండును. కావున నిండిన పిమ్మట కదలింపరాదు. ఎగుడుదిగుడు లేని గట్టిబల్లమీద, క్రింద థర్మోకోలు పలక వేసి నిలిపితిమి. కిటికీకి ఎదురుగ పెట్టవలదు. సూర్యుని యెండ నేరుగ తగిలిన పాచి పెరిగి, గాజు కనబడకుండ కప్పివేయును.

అడుగున ఒక అంగుళము తోటమన్ను, దానిపై ఒక అంగుళము కడిగిన ఇసుక. డయానా వాల్‌స్టాడ్ అను అమెరికా విదుషి 1999లో ప్రచురించిన గ్రంథమున ఈ పద్ధతిని విశదముగ తెలిపినది. మన్నులో పచ్చిపేడ గాని రసాయనపుటెరువు గాని ఉండరాదు. ఇసుకను నీరు తేటపడువఱకు కడుగవలెను. దానిపై నాలుగుబొట్లు వినిగరు వేసిచూడుడు. నురుగు పొంగిన అందు సున్నమున్నదన్నమాట, పనికిరాదు. గవ్వలు, శంఖములు అందమునకని వేయకుడు. అవి కరగి నీటిని ఇంకను చవుడు చేయును. మా కొండచుట్టునుండు నల్లరాయి ముక్కలు ఎంతో మేలు.

మొక్కలలో మొదట నాటవలసినది చెరువులలో పెరుగు నాచు. అడ్డు అదుపు లేక పెరిగి నీటిలోని మాలిన్యమును పీల్చుకొనును. రెండవది వాలిస్నేరియా. పచ్చని రిబ్బనులవంటి ఆకులతో నిలువుగ పెరుగును. దీని కాపురము వింతైనది. ఆడుపువ్వు సన్నని కాడతో నీటిపైకి వచ్చి తేలుచుండును. మగపువ్వులు అడుగున తెగి, పైకి వచ్చి, కొట్టుకొనిపోయి ఆమెను చేరును. కార్యమైన పిమ్మట ఆ కాడ స్ప్రింగువలె చుట్టుకొని కాయను నీటిలోనికి దింపుకొనును. చెరువునుండి తెచ్చిన మొక్కలను ఒక బక్కెటులో రెండువారములు వేఱుగ నుంచి, కడిగి నాటవలెను. తూనీగపిల్లలు వానివెంట వచ్చి చేపపిల్లలను తినివేయును.

దీపము దినమునకు 7 గంటలు చాలును. వెలుతురులో మొక్కలు బొగ్గుపులుసు గాలిని పీల్చి ప్రాణవాయువును విడుచును. చీకటిలో అవియు మనవలెనే ప్రాణవాయువును వాడుకొనును. కావున చేపలు మితిమీఱినయెడల తెల్లవాఱుజామున నీటిపైకి వచ్చి రొప్పుచుండును. వేకువనే లేచు ఇల్లాలు ఒక్కసారి చూచిన తొట్టి క్షేమము తెలిసిపోవును.

మొక్కలు నాటి నీరు పోసిన పిమ్మట చేపలు లేకుండ దినమునకు ఒక చిటికెడు మేత మాత్రము వేసితిమి. అది క్రుళ్లి సూక్ష్మజీవులకు ఆహారమగును. తెలిసినవారి పాతతొట్టిలోని ఫిల్టరు స్పంజిముక్క నొకటి తెచ్చి మా ఫిల్టరులో నుంచితిమి. అదే మా తోడు. నీటిని పరీక్షించు చుక్కలమందు అంగళ్లలో దొరకును. పిల్ల ప్రతి ఆదివారము గొట్టములో నీరు పట్టి, చుక్కలు వేసి, రంగు చూచి నోటుపుస్తకమున వ్రాసికొనెడిది. మొదట అమ్మోనియా పెరిగినది. మూడవవారమున నైట్రైటు పెరిగినది. తోడు వేసినను, ఆ చలికి రెండును సున్నకు దిగుటకు 6 వారములు పట్టినవి. నడుమ రెండుసార్లు నాకే విసుగు పుట్టి, రెండు చేపలు తెత్తమా యంటిని. “ఇంకా పెరుగు కాలేదవ్వా” యని నన్ను ఆపినది.

తెచ్చినవి చారలచేపలు, ఒంటిమీద నీలపు గీతలుగల అంగుళమున్నర జాతి. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనశాలలో శాస్త్రజ్ఞులు పెంచునదియు ఈ జాతియే. మన దేశపు చేప. కొంత చలికి ఓర్చును. అయినను మా కొండ రాత్రులకు చిన్న హీటరు పెట్టి, నీటిని 24 డిగ్రీలయందు ఉంచితిమి. బంగారు చేపలు చిన్నతొట్టికి తగవు. పెద్దవై మొక్కలను పెకలించును. సంచిని నీటిపై పావుగంట తేలనిచ్చి, వేడిమి సమమైన పిమ్మట చేపలను విడువవలెను. మొదట 4, రెండువారముల పిమ్మట మఱి 4.

వారమునకొకసారి నాలుగవవంతు నీరు తీసి క్రొత్తనీరు పోయవలెను. కుళాయినీటిలో క్లోరిన్ ఉండును గనుక, దానిని విఱుచు మందుచుక్కలు వేయుట మేలు. రాగిబిందెలో నిలువయుంచిన నీరు మనకు ఆరోగ్యమందురు, తొట్టిలో పోయవలదు. రాగి నత్తలకును చేపలకును విషము. దోమలమందు చల్లునప్పుడు తొట్టిని కప్పి, గాలిమరను ఆపుడు. ఫిల్టరు స్పంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను గాని కుళాయిక్రింద కడుగరాదు. తీసిన నీరు వృథా కాదు. కొండమీద నీటి విలువ మాకు తెలియును. దానిని మల్లెపాదులకు పోయగా ఆకులు నిగనిగలాడుచున్నవి.

ఒక్కమాట గట్టిగా చెప్పవలసియున్నది. విసుగు పుట్టినవారు చేపలను చెరువులో విడుచుట పుణ్యమనుకొందురు. అది పుణ్యము కాదు. దోమల నివారణకని 1928లో మన దేశమునకు తెచ్చిన గంబూసియా మన చిన్నచేపల గ్రుడ్లను పిల్లలను తినుచున్నది. గాజు నాకి శుభ్రము చేయునని కొనితెచ్చుకొన్న సక్కరుచేప నేడు దయ్యపుచేప యను పేరుతో మన జాలరుల వలలను చింపుచున్నది. అక్కఱలేని చేపను మఱియొక తొట్టివారి కిండు. పెరిగిన నాచునుకూడ కాలువలో పాఱవేయక ఎండబెట్టి ఎరువు చేసికొనుడు.

ఊరికి పోవలసివచ్చిన నేమి చేయవలెనని కొందఱు అడుగవచ్చును. ఎదిగిన చేపలు వారము దినములు మేత లేకున్నను నిలుచును. పొరుగువారి కప్పగించుటయే అపాయము. జాలిచేత గుప్పెడు వేసి నీటిని చెఱుపుదురు. బారసాలకు మేము ఐదు దినములు తిరుపతికి వెళ్లినప్పుడు మా మనుమరాలు మేతడబ్బాను నా పెట్టెలో దాచి తాళము వేయించినది. తిరిగివచ్చి లెక్కించగా 8 చేపలును ఉన్నవి. కోడలు చంటిదానిని దాని ఒడిలో నుంచి, తల క్రింద చేయి ఎట్లు పెట్టవలెనో చూపుచుండగా, “ఉండమ్మా, నాకు తొందరలేదు” అన్నది.